తాబేలు గుడ్లు, లైట్‌హౌస్, ఒక ఉత్తరం: భూమి ఏ దేశానిదో ఎలా తేలుతుంది?

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకు వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

1906 జనవరి 21న లెనార్డ్ వుడ్ అనే అమెరికన్ జనరల్ ఒక చిన్న దీవికి వెళ్లాడు. దాని పేరు పాల్మస్. ఫిలిప్పీన్స్‌లోని మిండనావోకు దక్షిణాన, సముద్రంలో ఒంటరిగా ఉంటుంది. పొడవు రెండు మైళ్లు, వెడల్పు మైలు కూడా లేదు. జనం ఏడెనిమిది వందల మంది. ఆయన లెక్క ప్రకారం అది అమెరికా దీవే. 1898 డిసెంబర్‌లో పారిస్ ఒప్పందం కింద అమెరికా స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు ఇచ్చి ఫిలిప్పీన్స్‌ను రాయించుకుంది. ఆ ఒప్పందంలో గీసిన గీతల లోపలే పాల్మస్ కూడా ఉంది. తీరా వెళ్లి చూస్తే అక్కడ డచ్ జెండా ఎగురుతోంది.

ఆ గొడవ ఇరవై ఏళ్లు నలిగింది. చివరికి రెండు దేశాలూ ఒకే ఒక మధ్యవర్తికి ఒప్పజెప్పాయి. ఆయన స్విట్జర్లాండ్‌కు చెందిన మాక్స్ హ్యూబర్. 1928 ఏప్రిల్ 4న తీర్పు ఇచ్చాడు. వందేళ్లు కావస్తున్నా, భూభాగం మీద దేశాల మధ్య ఏ కేసు నడిచినా లాయర్లు మొదట తెరిచేది ఆ తీర్పునే. కాబట్టి మనమూ అక్కడే మొదలుపెడదాం.

అమెరికా వాదన వినడానికి బలంగానే ఉంటుంది. ఆ దీవిని ముందు చూసింది స్పెయిన్. స్పెయిన్ హక్కు మాకు వచ్చింది. పైగా అది ఫిలిప్పీన్స్‌కు దగ్గర. హ్యూబర్ వీటిని ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టాడు. ముందు చూడటం వల్ల, మహా అయితే, పూర్తికాని హక్కు ఒకటి పుడుతుంది అన్నాడు. మన మాటల్లో చెప్పాలంటే అది బయానా లాంటిది. బయానా ఇచ్చి, ఆ తర్వాత అటువైపు తిరిగి చూడకుండా రెండు మూడు వందల ఏళ్లు ఊరుకుంటే స్థలం మీదవుతుందా? దగ్గరగా ఉండటం గురించైతే, ఫలానా దీవి దగ్గర్లో ఉంది కాబట్టి మాదే అనే సూత్రం అంతర్జాతీయ న్యాయంలో లేదని తేల్చేశాడు. ఇక కొనుగోలు సంగతి. స్పెయిన్ తన దగ్గర ఉన్నదే అమ్మగలదు, లేనిది అమ్మలేదు. 2 కోట్లు పుచ్చుకున్నా సరే, లేనిది లేనట్టే.

మరి డచ్ వాళ్ల దగ్గర ఏముంది? చెప్పుకోదగ్గ గొప్ప పత్రం ఏమీ లేదు. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ 1677 నుంచి ఆ చుట్టుపక్కల సంగి దీవుల రాజులతో చేసుకున్న ఒప్పందాలు, దీవి వాసుల దగ్గర వసూలు చేసిన పన్నులు, అప్పుడప్పుడూ అధికారులు వచ్చిపోయిన దాఖలాలు. అంతే. ఎక్కడా యుద్ధం లేదు, ఎవరూ అభ్యంతరం చెప్పిన జాడా లేదు. హ్యూబర్ ఆ విసుగు పుట్టించే కాగితాలనే చూసి దీవి డచ్ వాళ్లదన్నాడు. ఎడతెగకుండా, శాంతియుతంగా అధికారం చలాయిస్తూ రావడం హక్కుపత్రంతో సమానం అన్నది ఆ తీర్పు సారం. ఇప్పుడా దీవి పేరు మియాంగస్, ఇండోనేషియాలో ఉంది.

ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్నది కూడా అదే. సార్వభౌమత్వం అనగానే మనకు జెండాలు, సైన్యాలు, రక్తం కళ్ల ముందు కదులుతాయి. కోర్టు మెట్లెక్కాక మాత్రం కేసును నిలబెట్టేది గుమాస్తా రాసిన రిజిస్టరు. దానితో పాటు, అవతలివాడు నోరు విప్పాల్సిన చోట విప్పకపోవడం.

పాఠ్యపుస్తకాల్లో భూభాగం సంపాదించే దారులు ఐదని ఉంటుంది. విద్యార్థులు పరీక్ష కోసం బట్టీ పడతారు కాబట్టి గబగబా చెప్పేస్తాను. ఎవరిదీ కాని నేలను ఆక్రమించి పాలించడం ఒకటి. వేరేవాళ్ల నేలను చాలాకాలం వాళ్ల కళ్లెదుటే అనుభవించడం రెండోది. ఒప్పందం ద్వారా బదిలీ మూడోది. 1867లో రష్యా అలాస్కాను 72 లక్షల డాలర్లకు అమ్మింది కదా, అలాంటిది. నాలుగోది ప్రకృతి ఇచ్చేది, ఐదోది యుద్ధంలో గెలుచుకోవడం. ఐదో దాని మీద తర్వాత మాట్లాడతాను. చిక్కేమిటంటే, అసలు కేసుల్లో న్యాయమూర్తులు ఈ ఐదు గదుల పెట్టెను దాదాపు వాడరు. ఇద్దరిలో ఎవరి రుజువు కాస్త బరువుగా ఉందని తూకం వేస్తారు.

ప్రకృతి ఇచ్చేదాని గురించి మాత్రం ఒక్క ముచ్చట. అమెరికాకు, మెక్సికోకు మధ్య రియో గ్రాండే నది సరిహద్దు. నది కొద్దికొద్దిగా ఒడ్డు కోసుకుంటూ జరిగితే సరిహద్దు దానితో పాటే జరుగుతుంది. ఒక్క వరదలో దారి మార్చేస్తే సరిహద్దు పాత చోటే ఉండిపోతుంది. రూలు ఎంత చక్కగా ఉందో! ఎల్ పాసో దగ్గర ఆ నది 1864 వరకు ఒకలా, ఆ ఏడు వరద వచ్చాక ఇంకోలా జరిగి ఇద్దరినీ చిక్కుల్లో పడేసింది. చమిసాల్ అనే ఆ ముక్క మీద 1911లో మధ్యవర్తుల తీర్పు వచ్చింది, అమెరికా ఒప్పుకోలేదు. 1963లో ఒప్పందం కుదిరాక, ఇక కదలకుండా నదికి కాంక్రీటు కాలువ కట్టారు. (నవ్వులు)

సరే, రిజిస్టర్ల దగ్గరికి వద్దాం. నాకు బాగా ఇష్టమైన కేసు, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చినది, 2002 నాటిది. బోర్నియో దీవికి పక్కన సిపదాన్, లిగితాన్ అని రెండు బుల్లి దీవులు. సిపదాన్ ఎంత ఉంటుందంటే, ఒక చదరపు కిలోమీటరులో ఏడో వంతు కూడా లేదు. అటు ఇండోనేషియా, ఇటు మలేషియా. ఇద్దరూ పాత ఒప్పందాలు పట్టుకొచ్చారు. ఇండోనేషియా 1891 నాటి బ్రిటిష్, డచ్ సరిహద్దు ఒప్పందం చూపించింది. అందులో గీత సముద్రంలోకి సాగదని కోర్టు అంది. మలేషియా సూలు సుల్తాను నుంచి ఒకరి తర్వాత ఒకరికి హక్కు చేతులు మారిందని గొలుసు చూపించింది. అదీ నిలబడలేదు. ఇక మిగిలింది ఎవరు ఏం చేశారన్నదే.

అప్పుడు బయటికొచ్చాయి తాబేలు గుడ్లు. 1917లో బ్రిటిష్ ఉత్తర బోర్నియో, అంటే నేటి మలేషియాలోని సబా, అధికారులు తాబేళ్లను కాపాడటానికి ఒక ఆర్డినెన్స్ తెచ్చారు. గుడ్లు ఏరుకోవాలంటే లైసెన్సు ఉండాలి. ఎవరు ఏరుకోవాలన్న తగాదాలు వస్తే అధికారులే తీర్చారు. 1933లో సిపదాన్‌ను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 1960ల మొదట్లో రెండు దీవుల మీదా లైట్‌హౌస్‌లు కట్టారు. ఇవన్నీ జరుగుతుంటే డచ్ వాళ్లు గానీ, తర్వాత ఇండోనేషియా గానీ ఒక్క ముక్క అభ్యంతరం చెప్పలేదు. ఇండోనేషియా ఏమందంటే, మా జాలర్లు ఎప్పటినుంచో అక్కడికి వెళ్తున్నారు అంది. కోర్టు ఒప్పుకోలేదు. ప్రైవేటు మనుషులు తమ బతుకుతెరువు కోసం చేసేది, వెనక ప్రభుత్వం నిబంధన గానీ అధికారం గానీ లేకపోతే, దేశం చేసిన పని కాదు. తీర్పు 16-1. దీవులు మలేషియావి.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఒక సందేహం వస్తుంది. తరతరాలుగా ఆ నీళ్లలో వల వేసిన జాలరికి ఆ దీవితో ఉన్న బంధం పెద్దదా, ఆఫీసులో కూర్చుని తాబేలు గుడ్లకు లైసెన్సు రాసిన ఇంగ్లీషు ఉద్యోగి సంతకం పెద్దదా? న్యాయం సంతకం వైపే ఉంది. లాజిక్ అర్థమవుతుంది. మనసు మాత్రం పూర్తిగా ఒప్పుకోదు.

ఇలాంటి పనుల్ని లాయర్లు ఫ్రెంచి మాటతో ఎఫెక్టివిటే అంటారు. పాలన జరిగిందనడానికి ఆనవాళ్లు అనుకోండి. ఇంగ్లిష్ ఛానల్‌లో మింకియే, ఎక్రెయో అనే రాళ్ల గుంపుల మీద 1953లో బ్రిటన్, ఫ్రాన్స్ కేసు నడిచింది. మధ్యయుగాల రాజులు, సామంతుల దస్తావేజులు ఇద్దరూ కుప్పలు పోశారు. కోర్టు వాటన్నిటికన్నా బరువు ఇచ్చింది వేటికంటే, ఆ రాళ్ల దగ్గర శవాలు దొరికినప్పుడు బ్రిటన్ కింద ఉండే జెర్సీ దీవి అధికారులు జరిపిన విచారణలకు, అక్కడి గుడిసెల మీద వేసిన పన్నులకు. తీర్పు బ్రిటన్ వైపు వచ్చింది.

ఇప్పుడు మౌనం సంగతి. దీని మీద రెండు కేసులు చెప్పాలి.

మొదటిది ప్రీయా విహార్ గుడి. థాయిలాండ్, కంబోడియా మధ్య దంగ్రెక్ కొండల అంచున ఉంటుంది. 1904 ఒప్పందం ప్రకారం నీళ్లు ఎటువైపు పారితే అటు, అంటే నీటి విభజన రేఖే సరిహద్దు. అయితే 1907లో, అప్పుడు కంబోడియాను ఏలుతున్న ఫ్రెంచి అధికారులు తయారుచేసిన మ్యాపు గుడిని కంబోడియా వైపు చూపించింది. దాన్ని 1908లో సయాంకు, అంటే నేటి థాయిలాండ్‌కు పంపారు. అప్పటి హోం మంత్రి దమ్రోంగ్ యువరాజు ఏం చేయాలి? ఇదేమిటండీ, గీత తప్పుగా ఉంది అనాలి. ఆయన థ్యాంక్స్ చెప్పి, తమ ప్రాంతీయ గవర్నర్లకు ఇవ్వడానికి ఇంకో 15 కాపీలు పంపమన్నాడు! 1930లో ఆయనే గుడి చూడటానికి వెళ్లాడు. అక్కడ ఫ్రెంచి అధికారి ఫ్రెంచి జెండా పెట్టుకుని, అతిథిని ఆహ్వానించినట్టు స్వాగతం పలికాడు. యువరాజు మర్యాదగా స్వాగతం అందుకుని, ఇంటికెళ్లాక ఫోటోలు కూడా పంపించాడు.

1962లో అంతర్జాతీయ న్యాయస్థానం 9-3 తో గుడి కంబోడియాదేనంది. నీళ్లు ఎటు పారుతున్నాయన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన అవసరమే లేదంది. మ్యాపును ఒప్పుకున్నారు, యాభై ఏళ్లు దాని లాభాలు అనుభవించారు, ఇప్పుడు తప్పంటే కుదరదు. దీని మీద విమర్శ ఉంది. వలసరాజ్యం తుపాకీ పట్టుకుని పక్కన నిలబడ్డప్పుడు చిన్న రాజ్యం మౌనాన్ని ఒప్పుకోలుగా చదవొచ్చా అని. ఆ విమర్శలో బలముందనే నా అభిప్రాయం. గుడి చుట్టుపక్కల నేల మీద తగాదా మాత్రం ఆ తీర్పుతో ఆగలేదు, 2013లో మళ్లీ కోర్టు వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

రెండోది పెద్రా బ్రాంకా. సింగపూర్ జలసంధి ముఖద్వారంలో ఒక తెల్లటి బండరాయి. పొడవు 137 మీటర్లు. మొదట్లో అది నేటి మలేషియాలోని జోహోర్ సుల్తానుదేనని కోర్టే ఒప్పుకుంది. 1850-51లో బ్రిటిష్ వాళ్లు దాని మీద హార్స్‌బర్గ్ లైట్‌హౌస్ కట్టారు. లైట్‌హౌస్ కట్టినంత మాత్రాన హక్కు రాదు, అది సముద్రంలో పోయే అందరి కోసం కదా. కథ మలుపు తిరిగింది 1953లో. జూన్‌లో సింగపూర్ అధికారులు జోహోర్‌కు ఒక ఉత్తరం రాశారు: ఈ రాయి సంగతేమిటి, ఎవరిది? సెప్టెంబర్ 21న జోహోర్ తాత్కాలిక కార్యదర్శి ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు. పెద్రా బ్రాంకా మీద యాజమాన్యం జోహోర్ ప్రభుత్వం కోరడం లేదని.

ఆ మనిషి ఆ రోజు టేబుల్ మీద ఉన్న ఫైళ్లలో ఒకటి తీసి, సంతకం చేసి పక్కన పెట్టేసి ఉంటాడు. 55 ఏళ్ల తర్వాత, 2008లో, హేగ్‌లో న్యాయమూర్తులు ఆ వాక్యాన్ని అక్షరం అక్షరం చదివారు. యాజమాన్యం అంటే ఆస్తి హక్కే, సార్వభౌమత్వం కాదు అని మలేషియా వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. దానికి తోడు, మలేషియా స్వయంగా అచ్చేసిన మ్యాపుల్లో ఆ రాయి పక్కన బ్రాకెట్లో సింగపూర్ అని రాసి ఉంది. సింగపూర్ అక్కడ ఓడ ప్రమాదాల మీద విచారణలు చేస్తుంటే, మలేషియా అధికారులు ఆ రాయి దగ్గరికి రావడానికి సింగపూర్ అనుమతి తీసుకుంటుంటే, మలేషియా నుంచి ఎలాంటి నిరసనా లేదు. 12-4 తో రాయి సింగపూర్‌ది అయింది. పక్కనే ఉన్న మిడిల్ రాక్స్ మాత్రం మలేషియాకే. ఎందుకంటే ఆ ఉత్తరంలో వాటి ఊసు లేదు.

అందుకే విదేశాంగ శాఖలు అంత చిన్న విషయానికీ నిరసన లేఖ పంపుతుంటాయి. పేపర్లో చదివినప్పుడు, వీళ్లకేం పనీపాటా లేదా అనిపిస్తుంది. ఆ లేఖ అవతలివాళ్లను ఆపడానికి పంపేది కాదు. యాభై ఏళ్ల తర్వాత, మేము ఊరుకోలేదు అని చూపించడానికి.

మరి ఇప్పుడు పరుగున వెళ్లి లైట్‌హౌస్ కట్టేస్తే? కుదరదు. వివాదం మొదలైన తేదీ ఒకటి కోర్టు పట్టుకుంటుంది. సిపదాన్‌కు అది 1969, పెద్రా బ్రాంకాకు 1980. ఆ తర్వాత కేసు బలపరచుకోవడానికి చేసిన పనులకు విలువ ఉండదు.

మనుషులే లేని చోట రుజువు తక్కువైనా సరిపోతుంది. పసిఫిక్‌లో క్లిప్పర్టన్ అనే పగడపు దీవి ఉంది. 1858 నవంబర్ 17న ఒక ఫ్రెంచి నావికాధికారి ఓడలోంచే ఇది ఫ్రాన్స్‌దని ప్రకటన రాశాడు. మనుషులు కష్టపడి ఒడ్డుకు దిగారు గానీ, వెళ్లేటప్పుడు ఒక్క గుర్తూ వదల్లేదు. హోనొలులు పత్రికలో ప్రకటన వేయించారు. దాదాపు నలభై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1897లో మెక్సికో నౌక పంపి తన జెండా పాతింది. మధ్యవర్తిగా ఉన్న ఇటలీ రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయెల్ 1931లో ఫ్రాన్స్‌కే ఇచ్చాడు. ఖాళీ దీవి మీద అంతకన్నా చేయగలిగింది ఏముంటుంది అన్నది ఆయన తర్కం.

ఖాళీ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. లాటిన్‌లో టెర్రా నల్లియస్, అంటే ఎవరిదీ కాని నేల. ఈ మాట చాటున జరిగినంత అన్యాయం మరే న్యాయపదం చాటునా జరగలేదేమో. పశ్చిమ సహారా మీద 1975లో ఇచ్చిన సలహా అభిప్రాయంలో అంతర్జాతీయ న్యాయస్థానం ఒక సంగతి స్పష్టం చేసింది. 1884లో స్పెయిన్ అక్కడికి వచ్చేసరికి సంచార జాతులు ఉన్నాయి, వాళ్లకు నాయకులున్నారు, కట్టుబాట్లున్నాయి. అలాంటి నేల ఎవరిదీ కానిది కాదు. ఆస్ట్రేలియాలో మాబో కేసులో 1992లో అక్కడి హైకోర్టు కూడా, వేరే దారిలో, ఆదివాసుల భూమి హక్కును గుర్తించింది. చాలా ఆలస్యంగా.

ఇక యుద్ధం. ఒకప్పుడు గెలిచినవాడిదే నేల. యుద్ధాన్ని సాధనంగా వాడబోమని దేశాలు మాట ఇచ్చిన 1928 పారిస్ ఒడంబడికతో ఆ తలుపు మూసుకోవడం మొదలై, 1945లో ఐక్యరాజ్యసమితి చార్టర్‌తో పూర్తిగా మూసుకుంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను కలిపేసుకున్నట్టు ప్రకటిస్తే, ఆ విలీనానికి ఏ చట్టబద్ధతా లేదు, చెల్లదు అని భద్రతా మండలి 662వ తీర్మానం చేసింది. 2014లో రష్యా కలిపేసుకున్న క్రిమియా మీద సర్వసభ్య సభలో ఉక్రెయిన్ సమగ్రతకు 100 ఓట్లు, వ్యతిరేకంగా 11, తటస్థంగా 58. వీటివల్ల ట్యాంకులు ఆగాయా అని మీరు అడుగుతారు. ఆగలేదు. కానీ చేతిలో ఉండటం వేరు, హక్కు ఉండటం వేరు. క్యూబాలోని గ్వాంటనామో నౌకాస్థావరం చూడండి. 1903 నుంచి అమెరికా చేతిలో ఉంది, పూర్తి అధికారం అమెరికాదే. అయినా లీజు పత్రంలోనే అసలు సార్వభౌమత్వం క్యూబాదని రాసుకున్నారు.

మరి 1928కి ముందు కత్తితో గెలిచినవన్నీ? ఆ రోజు పనిని ఆ రోజు చట్టంతోనే కొలవాలి అన్నది నియమం. ఇదీ హ్యూబర్ తీర్పులోదే. అంటే పాత దోపిడీలు చాలావరకు నిలిచిపోయాయి. లేదంటే ప్రపంచంలో సగం సరిహద్దులు మళ్లీ తవ్వాలి. ఆఫ్రికా దేశాలు 1964లో కైరోలో కూర్చుని, వలస పాలకులు గీసిన గీతలనే ఉంచుకుంటామని తీర్మానించుకున్నది కూడా ఆ భయంతోనే. బుర్కినా ఫాసో, మాలి మధ్య కేసులో 1986లో కోర్టు దాన్నే సాధారణ సూత్రంగా చెప్పింది. పరాయివాడు గీసిన గీతను కాపాడుకోవడానికి స్వతంత్ర దేశాలు కష్టపడటం చూస్తే బాధగానే ఉంటుంది. కానీ వాళ్ల లెక్క తప్పని నేను అనలేను.

టైమైపోయింది. ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలోంచి ప్రశ్న: సముద్రంలో ఇసుక పోసి కొత్త దీవి కడితే చుట్టూ సముద్రం కూడా ఆ దేశానిదేనా?)

కాదండి. సముద్ర చట్టాల ఒడంబడిక 60వ అధికరణంలోనే ఉంది, కృత్రిమ దీవికి సొంత ప్రాదేశిక జలాలు ఉండవు. దక్షిణ చైనా సముద్రం మీద 2016 తీర్పులో కూడా ఇలాంటి ప్రశ్నలే వచ్చాయి. ఆ తీర్పు ఏ దీవి ఎవరిదో మాత్రం చెప్పలేదు, ఆ అధికారం ఆ ట్రిబ్యునల్‌కు లేదు. చాలామంది దీన్ని కలిపేసి మాట్లాడుతుంటారు.

(మరో ప్రశ్న: ఇప్పటికీ ఎవరిదీ కాని నేల ఉందా మేడమ్? వెళ్లి జెండా పాతొచ్చా?)

అమ్మా, ఈ ప్రశ్న ప్రతి సభలోనూ వస్తుంది. (నవ్వులు) ఉంది. అంటార్కిటికాలో ఒక పెద్ద ముక్కను ఎవరూ కోరలేదు, కానీ 1959 ఒప్పందం కొత్త దావాలకు తాళం వేసింది. ఇంకొకటి బీర్ తవీల్. ఈజిప్టు, సూడాన్ మధ్య ఎడారి, దాదాపు 2,000 చదరపు కిలోమీటర్లు. 1899 నాటి గీత ఒకటి, 1902 నాటి గీత ఇంకొకటి ఉన్నాయి. సముద్రం ఒడ్డున హలాయిబ్ అనే ముక్క ఉంది, బీర్ తవీల్ కన్నా చాలా పెద్దది. 1899 గీత పట్టుకుంటే హలాయిబ్ ఈజిప్టుది, 1902 గీత పట్టుకుంటే సూడాన్‌ది. బీర్ తవీల్ సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. బీర్ తవీల్ మాది అన్న మరుక్షణం హలాయిబ్ వదులుకున్నట్టే. అందుకని ఇద్దరూ దాన్ని ముట్టుకోరు.

2014లో ఒక అమెరికన్ తండ్రి తన కూతుర్ని యువరాణిని చేస్తానని మాట ఇచ్చి, అక్కడికి వెళ్లి జెండా పాతాడు. వార్తల్లో బాగా వచ్చింది. పాపం, సిపదాన్ జాలర్లకు చెప్పిన జవాబే ఆయనకూ వర్తిస్తుంది. వెనక ఒక దేశం లేకుండా మనిషి చేసిన పని సార్వభౌమత్వం కాదు. ఆ ఎడారిలో అబాబ్దా, బిషారీ జాతుల వాళ్లు పశువుల్ని తోలుకుంటూ ఎప్పటినుంచో తిరుగుతున్నారు. ఆయన జెండా పాతిన వార్తల్లో వాళ్ల ప్రస్తావన నాకు ఎక్కడో ఒక మూల తప్ప కనిపించలేదు.